ఓడ తాత మరణం, గడువు శుక్రవారం

ఉద్యోగంలో నాకు అప్పగించిన మొదటి హత్యకు రెండు రోజుల పని పడుతుందని అంచనా వేశారు. ప్రాధాన్యం: అధికం. గడువు: శుక్రవారం. ఎవరి బాధ్యత అన్న చోట నా ఫొటో ఉంది. కాలేజీ వీడ్కోలు రోజున స్నేహితుడి కోటు తొడుక్కుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఫొటో. హంతకుడు అంత ఉత్సాహంగా కనిపించకూడదని అనిపించింది కానీ, దాన్ని మార్చే తీరిక దొరకలేదు.

మాది మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం నాలుగో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీ. తెలుగులో చెవులతో వినే సీరియళ్లు తయారుచేస్తాం. కార్లలో, క్యాబుల్లో, మెట్రోలో జనం వింటారు. హైటెక్ సిటీలో ట్రాఫిక్ ఉన్నంతకాలం మాకు భవిష్యత్తు ఉందని మా మేడమ్ నమ్మకం. ఆ లెక్కన మేం చిరంజీవులం.

మేడమ్ మా కథల విభాగానికి పెద్ద. అంతకుముందు ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశారు. అక్కడి నుంచి వస్తూ అక్కడి పద్ధతులన్నీ వెంట తెచ్చుకున్నారు. ఏ పనైనా ముందు కంప్యూటర్లో ఒక టికెట్‌గా ఎక్కాలి. ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి అన్నీ అందులో ఉంటాయి. ప్రేమకథలో హీరోయిన్ ఏడవాలన్నా టికెట్టే. ఏడుపు సరిగ్గా రాకపోతే అది లోపం కింద నమోదవుతుంది. రోజూ ఉదయం అందరం గుండ్రంగా నిలబడి, నిన్న ఎవరిని ఏడిపించామో, ఈరోజు ఎవరిని ఏడిపించబోతున్నామో చెప్పుకోవాలి.

ఇక ఆ తాత గురించి చెప్పాలి. నేను పుట్టక ముందు రేడియోలో ఆదివారం ఉదయం పిల్లల కోసం ఒక సైన్స్ సీరియల్ వచ్చేది. ఒక పాత అంతరిక్ష నౌకలో ఒక కుటుంబం చుక్క నుంచి చుక్కకు తిరుగుతుంటుంది. ఆ కుటుంబంలో మిగతా వాళ్లెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఇంజను గదిలో ఉండే ముసలాయన మాత్రం అందరికీ గుర్తే. ఆయన్ను ఓడ తాత అనేవారు. ప్రతి వారం సరిగ్గా ప్రమాదం ముంచుకొచ్చే వేళకి ఇంజను మొరాయించేది. తాత పానాతో మూడుసార్లు ఠంగ్ ఠంగ్ ఠంగ్ అని కొట్టి, "ఇంకొంచెం లాగవే తల్లీ" అనేవాడు. ఇంజను కదిలేది.

దీనికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదు. మా ఇంట్లో మాత్రం ఉంది. మా నాన్న స్కూటర్ కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర ఎప్పుడు ఆగిపోయినా, నాన్న హ్యాండిల్ మీద మూడుసార్లు తట్టి ఇదే మాట అనేవాడు. నాలుగో కిక్కుకు అది కదిలేది. ఆ మాట నాన్న సొంతంగా కనిపెట్టిందేనని ఇరవై ఏళ్లు వచ్చేదాకా అనుకున్నాను. రేడియోలోంచి వచ్చిందని తెలిశాక, నాన్న మీదున్న గౌరవంలో కొంత భాగాన్ని రేడియోకు బదిలీ చేయాల్సి వచ్చింది.

ఆ సీరియల్‌ను మా కంపెనీ హక్కులు తీసుకుని కొత్తగా, ఎనిమిది భాగాలుగా మొదలుపెట్టింది. పాత తాతకు గొంతు ఇచ్చిన ఆయన కోసం వెతికితే ప్రగతి నగర్‌లో దొరికారు. వయసు డెబ్భై రెండు. ఆ రోజుల్లో ఆయన బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవారు. సెలవు రోజున రేడియోకి వెళ్లి తాత అయ్యేవారు. మళ్లీ తెల్లారి నలభై ఏళ్ల మనిషిగా పనిలోకి. గొంతు పరీక్షకు వచ్చినప్పుడు కళ్లజోడు సవరించుకుని, "అప్పట్లో ముసలితనం నటించాల్సి వచ్చేదండి. ఇప్పుడు ఆ శ్రమ తగ్గింది," అన్నారు. వెంట ఒక పానా తెచ్చుకున్నారు. రేడియోలో కొట్టింది అదేనట. పక్కా బాలానగర్ సరుకు.

ఏడు భాగాలు రికార్డయ్యాయి. ఎనిమిదోది మొదలుపెట్టే సోమవారం, గుండ్రంగా నిలబడ్డ మీటింగులో మేడమ్ తీర్పు చెప్పారు.

"ఎనిమిదో భాగం చివర తాత పోవాలి."

"ఎక్కడికి మేడమ్?" అన్నాను.

"నువ్వు జోకులెయ్యకు. తాత బతికున్నంతకాలం మనవరాలు మనవరాలే. తాత పోతేనే హీరోయిన్. ఇంజను బాధ్యత ఆ పిల్ల మీద పడాలి కదా. నువ్వే రాయి."

ఆవిడ చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఈ రకం కథల్లో పెద్దవాళ్లకు ఉండేవి రెండే పనులు. ఒక రహస్యం చెప్పడం, చెప్తూ చెప్తూ మధ్యలో పోవడం. నేను టికెట్ ఎక్కించాను. పేరు దగ్గర 'తాత మరణం' అని రాశాను. కథలో అని, సీరియల్లో అని, ఇంకేమీ చేర్చలేదు. మా ఆఫీసులో అందరికీ తెలుసు కదా అనుకున్నాను.

అందరికీ తెలుసు, ఒక్కరికి తప్ప. రికార్డింగ్ వేళలు గుర్తుచేయడానికి నెల క్రితం నేనే, తాతకు గొంతు ఇచ్చే ఆయన మెయిల్ మా టికెట్ల పట్టికలో చేర్చాను. ఆ మెయిల్ వచ్చేది వాళ్లావిడ ఫోన్‌కి. ఏ టికెట్ ఎక్కినా పట్టికలో ఉన్న అందరికీ దానంతటదే కబురు వెళ్తుంది. మధ్యాహ్నం నేను క్యాంటీన్‌లో సాంబారన్నం కలుపుతుండగా ఫోన్ మోగింది.

"బాబూ, ఇక్కడేదో వచ్చిందండి. తాత మరణం, గడువు శుక్రవారం, అధిక ప్రాధాన్యం అని ఉంది. పక్కన మీరు నవ్వుతున్నారు."

నేను సాంబారు వైపు చూశాను. అదేమీ సాయం చేయలేదు.

"అది సీరియల్లో అండి, పాత్రకు... నిజంగా కాదు," అన్నాను.

"నిజంగా కాదని తెలుసులే నాయనా, నాకూ బుర్ర ఉంది." ఆవిడ టీవీ శబ్దం తగ్గించారు. "ఒక్క మాట చెప్తాను, వద్దని అనడానికి కాదు. రిటైరయ్యాక ఆయన ఎనిమిదింటికి ముందు లేచింది లేదు. మీరు పిలిచిన దగ్గర్నుంచి ఆరింటికే డాబా మీదకెళ్లి, వాటర్ ట్యాంకు మోటారు పక్కన నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. ఆ మోటారుతోనే మాట్లాడతాడు. శనివారం పొద్దున ఆరింటికి ఆయన ఏం చేస్తాడో కూడా మీ గడువులో ఎక్కడన్నా రాశారా అని."

రాయలేదు. అలాంటి గడి మా టికెట్లో లేదు.

బుధవారం పదకొండింటికి కింద సెక్యూరిటీ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, ఒక పెద్దాయన వచ్చిండు. ఎవరిని కలవాలె అంటే, నన్ను సంపే పిల్లగాణ్ణి అంటున్నడు. పంపాల్నా?"

పంపమన్నాను. ఆయన చేతిలో పానా ఉంది. లిఫ్టులోంచి దిగిన మనిషిని చూసి మా రిసెప్షన్ అమ్మాయి కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆయన బతిమాలడానికి వచ్చారేమోనని నేను ఎన్నో ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ వాడే అవకాశం ఇవ్వలేదు.

"ఎలా చంపుతున్నావయ్యా?" అన్నారు కూర్చుంటూనే.

"ఇంజను పేలుతుంది సార్."

ఆయన మొహం మాడిపోయింది. చావుకు కాదు. "నలభై ఏళ్లు ఇంజను చూసినవాడు ఇంజను పేలి చస్తే, వాడికి పని రాదని అర్థం. బాలానగర్‌లో ఎవడన్నా వింటే నవ్వుతాడు. ఇంకోటి చూడు."

అలా ఇద్దరం గంటసేపు కాఫీలు తాగుతూ ఆయన చావును దిద్దాం. ఇంజను గదిలో గాలి లీకవుతుంది. తాత లోపలి నుంచి తలుపు మూసుకుంటాడు, మిగతా ఓడ బతుకుతుంది. పని వచ్చినవాడి చావు. ఆయన తృప్తిగా తలూపారు. అంతా అయ్యాక, లేవబోతూ అన్నారు:

"ఒక పద్ధతుంది. అది జరగాలి. సినిమావాళ్లు ఇప్పటికీ చేస్తారు, మేం నాటకాల్లోనూ చేసేవాళ్లం. చచ్చే సీను చేసినవాడు, సీను అయిపోగానే అక్కడే, అదే వేషంతో నవ్వాలి. అప్పుడే చావు ఆ సీన్లోనే ఆగిపోతుంది. లేకపోతే ఇంటిదాకా వెంట వస్తుందంటారు."

"మీరు నమ్ముతారా సార్?"

"నేను నమ్మను. మా ఆవిడ నమ్ముతుంది. కాపురం చేసేది ఆవిడతో కదా."

నేను పద్ధతి ప్రకారం ఇంకో టికెట్ ఎక్కించాను. చావు తర్వాత నవ్వు, అంచనా పది నిమిషాలు.

గురువారం ఉదయం టిఫిన్ దగ్గర నాన్నకు ఈ సంగతి చెప్పడం నా రెండో తప్పు. నాన్న దోసె ముక్క తుంచి, చట్నీలో ముంచకుండానే పళ్లెంలో పెట్టేశాడు.

"ఏందిరా, ఓడ తాతను సంపుతున్నవా? గింత సదువు సదివింది గిందుకేనా?"

"నేను కాదు నాన్నా, కథ అడుగుతున్నది."

"కథ అడిగితే నాకు ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడుత." దోసె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "నీ చిన్నప్పుడు జరం వస్తే ఎవరి మాట చెప్పి దవాఖానకు తీస్కపోయిన్నో యాదికున్నదా? నీ ఒళ్లు మూడుసార్లు తట్టి తీస్కపోయిన."

నాకు గుర్తు లేదు. కానీ ఇంజన్ల జాబితాలో నేనూ ఉన్నానని ఆ రోజే తెలిసింది.

శుక్రవారం ఉదయం స్టూడియోలో అందరం చేరాం. స్టూడియో అంటే గోడలకు స్పాంజి అతికించిన ఒక గది, అద్దానికి ఇవతల మేం. సౌండ్ ఇంజనీర్ మా అందరికంటే పెద్దవాడు, అన్న అంటాం. మైకు దగ్గర తాత, మనవరాలిగా చేసే అమ్మాయి. మేడమ్ ఎప్పుడూ రారు, ఆ రోజు వచ్చారు. చావులకు పిలవకపోయినా వెళ్లాలి కదా.

నేను రాసింది నాలుగు పేజీలు. ఆయన చేతిలో అది నాలుగు పేజీల్లా లేదు. తలుపుకి అటు మనవరాలు "తాతా, తలుపు తియ్యి" అంటుంటే, ఇటు ఆయన గొంతులో గాలి కొద్దికొద్దిగా తగ్గింది. చివర్లో పానాతో ఒకసారి కొట్టారు. రెండోసారి కొట్టారు. మూడోది రాలేదు. "ఇంకొంచెం..." అన్నారు, అక్కడే ఆగిపోయారు. మాట సగంలో ఆపాలన్నది నా ఆలోచనే. వారమంతా దాని గురించి గర్వపడ్డాను. విన్నాక మాత్రం, ఆ మిగతా సగం ఎవరన్నా చెప్పేస్తే బాగుండునని అనిపించింది.

అన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తడి కళ్లజోడుకే అన్నట్టు చాలాసేపు తుడిచాడు. మేడమ్ తన ఫోన్ తెర చూస్తున్నారు. అది ఆఫ్‌లో ఉంది. నేను ఏసీ చల్లదనం గురించి ఏదో అన్నాను, ఎవరూ వినలేదు.

అప్పుడు ఆయన మైకు వైపు జరిగి, పద్ధతి నెరవేర్చారు. పానాతో ఆ మిగిలిపోయిన మూడో దెబ్బ ఠంగుమని కొట్టి, తాత గొంతుతోనే నవ్వారు. మొదట కాస్త బలవంతంగా, నాటకంలా వచ్చింది. మధ్యలో దగ్గు అడ్డుపడింది. ఇంతలో ఏడుస్తున్న ఆ అమ్మాయి, "నవ్వకండి సార్, నాకు ఏడుపు ఆగట్లేదు" అనేసరికి ఆయనకు నిజంగానే నవ్వొచ్చింది. ఆ నవ్వుకు ఈ అద్దం ఇవతల మేం అందరం ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలాం. నాలుగో కిక్కుకు స్కూటర్ కదిలినప్పటి ఊపిరి అది.

"అన్నా, ఇంకోసారి పెట్టవా?" అన్నాను.

"ఏది? చావుదా?"

"నవ్వుది."

పెట్టాడు. వింటుంటే మేడమ్ నోటి చివర కదిలింది. అయ్యాక ఆవిడే, "మళ్లీ వెయ్యండి," అన్నారు. మూడోసారి అన్న ఎవరూ అడక్కుండానే వేసుకుని, "మైకు లెవెల్ చూస్తున్న," అన్నాడు. చావు సీను మళ్లీ వేయమని ఎవ్వరూ అడగలేదు.

"మేడమ్, మీరు ఎప్పుడూ డేటా చూడమంటారు," అన్నాను. "మూడు నవ్వులు, సున్నా చావులు."

ఆవిడ నా వైపు విసుగ్గా చూశారు. ఆ విసుగులో ఇదివరకటి గట్టిదనం లేదు. "సరేగానీ, నా ప్రశ్న అలాగే ఉంది. తాత ఉంటే ఆ పిల్ల ఎప్పుడు పెద్దదవుతుంది?"

నా దగ్గర జోకు ఉంది కానీ, అది జవాబు కాదని నాకే తెలిసింది. జవాబు అద్దం అవతల నుంచి వచ్చింది. అటూ ఇటూ మైకులు ఇంకా తెరిచే ఉన్నాయి.

"మేడమ్ గారూ, ఒక మాటండి. చచ్చిపోతే పని అప్పజెప్పినట్టు కాదు, పారేసిపోయినట్టు. నేను రిటైరయ్యేటప్పుడు నా లేత్‌కి కొత్త మనిషిని పెట్టారు. నన్ను ఆర్నెల్లు పక్కన స్టూలేసుకుని కూర్చోమన్నారు. అతను బిగించే పద్ధతి నాకు నచ్చేది కాదు. శబ్దం వింటేనే ఎక్కడ తప్పో తెలిసిపోయేది. నోరు విప్పితే అతనికి పని ఎప్పటికీ రాదు. ఆర్నెల్లు నోరు మూసుకు కూర్చున్నాను. దాంతో పోలిస్తే ఇప్పుడు చచ్చిపోవడం చాలా సులువుగా ఉందండి."

ఆయన ఏమీ అడగలేదు. జరిగింది చెప్పి, పానాను గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నారు. వెళ్తూ, "శనివారం ఏమీ లేదు కదా నాకు?" అన్నారు, అదేదో బస్సు వేళలు కనుక్కుంటున్నట్టు. లేదన్నాను. అలా అనడం నాకు నచ్చలేదు.

మేడమ్ సోమవారం వరకు టైమిచ్చారు. శని, ఆది వారాలు నేను ఇంట్లో కూర్చుని కొత్త సీను రాశాను. తాత చావడు. చేతులు వణుకుతాయి, ఇక పానా పట్టలేడు, అంతే. దాన్ని మనవరాలికిచ్చి పక్కన కూర్చుంటాడు. ఇంజను మొరాయిస్తుంది. ఆ పిల్ల తప్పు చోట కొడుతుంది. తాతకు తెలుసు. చెప్పడు. రాస్తూ రాస్తూ తాత పేరు పక్కన మాటలు రాయాల్సిన చోటల్లా ఖాళీ వదులుకుంటూ పోయాను. పేజీ నిండా ఏమీ లేకపోవడం నా జీవితంలో కొత్త కాదు. ఈసారి మాత్రం కావాలని చేశాను.

సోమవారం మేడమ్ నిలబడే చదివారు, రెండుసార్లు. తన కంప్యూటర్ దగ్గరికి వెళ్లి 'తాత మరణం' టికెట్ తెరిచి, 'చేయనక్కర్లేదు' అని మార్చి మూసేశారు. మెచ్చుకోలు అంటే మా ఆఫీసులో అదే.

పట్టికలోంచి ఆ మెయిల్ తీసేయాలని నేను వారమంతా అనుకుంటూనే ఉన్నాను. తీయలేదు. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"బాబూ, తాత మరణం చేయనక్కర్లేదు అని వచ్చిందండి."

"అవునండి. సార్‌కి చెప్పండి."

"ఆయన మార్కెట్‌కి వెళ్లాడు. కాసేపు ఆగి చెప్తాను." గొంతు తగ్గించారు. "పోతాననుకుని ఈ నాలుగు రోజుల్నించి చెప్పిన పనల్లా చేస్తున్నాడు."

బుధవారం మళ్లీ స్టూడియో. మనవరాలు ఇంజను కదిలించే సీను. ఆ అమ్మాయి తప్పు చోట కొట్టింది, మళ్లీ కొట్టింది, తాత మాట కాకుండా తన సొంత మాటేదో గొణుక్కుంది. ఆయన స్టూలు మీద, మైకుకు దగ్గరగా, నోరు మూసుకుని కూర్చున్నారు. గొంతు కోసం పిలిపించిన మనిషికి గొంతు విప్పవద్దని చెప్పిన మొదటి కంపెనీ మాదే అయ్యుంటుంది. అన్న ఉన్నట్టుండి రికార్డింగ్ ఆపాడు.

"సార్, జర ఊపిరి మెల్లగ తీస్కుంటరా? మైకుల పడుతున్నది."

"అదే నా డైలాగు బాబూ," అన్నారాయన.

అన్న నా వైపు చూశాడు. నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ ఉంచమని చేత్తో సైగ చేశారు. మళ్లీ మొదలైంది. పిల్ల తంటాలు పడుతుంటే పక్కన ఆ ఊపిరి. ఒకసారి ఆగబోయి, ఏదో చెప్పబోయి, వెనక్కి తగ్గి, మళ్లీ నిదానంగా సాగిన ఊపిరి. ఇంజను కదిలినప్పుడు అది పెద్దగా బయటికొచ్చింది. ఆ ఊపిరికి నేను రాయగలిగిన మాట ఒక్కటీ లేదు. రాయనందుకు జీతం తీసుకున్న రోజు అదొక్కటే.

ఎనిమిదో భాగం బయటికొచ్చిన ఉదయం నాన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. అయ్యాక ఒక్కటి మాత్రం తీసి, "ఆఖర్ల ఊపిరి ఆయనదేనా?" అన్నాడు. అవునన్నాను. "మంచిగున్నది," అని మళ్లీ పెట్టుకుని మొదటి నుంచి విన్నాడు.

రెండో సీజన్ ఉంటుందా లేదా అన్నది పైవాళ్లు ఇంకా తేల్చలేదు. నేను మాత్రం ఆ వారమే ఒకరోజు పొద్దున ఆరింటికి ఇంట్లోంచే ఒక టికెట్ ఎక్కించాను. పేరు: 'తాత, తర్వాతి రికార్డింగ్'. గడువు దగ్గర ఖాళీగా వదిలితే ఎర్ర అక్షరాలు వచ్చాయి. తేదీ లేకుండా ఒప్పుకోదట. సరే అని క్యాలెండర్‌ను ముందుకు జరుపుకుంటూ పోయాను. నెలలు దాటాయి, ఏళ్లు దాటాయి, ఇక జరగనని అది మొండికేసిన చోట నొక్కాను.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"బాబూ, తేదీ చూశానండి," అన్నారావిడ. వెనకాల ట్యాంకు మోటారు చప్పుడు, దాంతోపాటు ఎవరో గొంతు సవరించుకుంటున్న చప్పుడు. "అప్పటిదాకా పొద్దున ఆరింటికి ఈయనకి కాఫీ నేనే పెట్టాలా?"